ఇండియానా ఫుట్‌బాల్ టీమ్ ఎలా మారిపోయింది? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లూమింగ్టన్‌లో చదువుతున్న మన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, అమెరికాలో ఎన్నో ఏళ్లుగా ఉంటున్నా ఈ ఆట జోలికి పోనివాళ్లు కూడా ఇండియానా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ గురించి ఈ మధ్య తెగ అడుగుతున్నారు. అడిగేవన్నీ దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## ఆట గురించి ఏమీ తెలియనివాళ్లకు

ఇది మనం చూసే ఫుట్‌బాలేనా?

కాదు. ఇది అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని ఎక్కువగా చేత్తోనే ఆడతారు. ఒక్కో వైపు 11 మంది ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత కిక్ కొట్టి ఇంకో పాయింటు తెచ్చుకోవచ్చు. దూరం నుంచి స్తంభాల మధ్యకు తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ఇంత తెలిస్తే మొదటి మ్యాచ్‌కి చాలు. మిగతాది చూస్తూ ఉంటే అదే వస్తుంది.

కాలేజీ పిల్లల ఆటకి ఇంత హడావిడి ఎందుకు?

అమెరికాలో చాలా ఊళ్లకు ప్రొఫెషనల్ జట్టు లేదు, యూనివర్సిటీ జట్టే ఉంది. ఆ ఊరివాళ్లు, అక్కడ చదువుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు అందరూ దాన్నే తమ జట్టు అనుకుంటారు. మిషిగన్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీల స్టేడియాల్లో ఒక్కోదానిలో లక్ష మందికి పైగా పడతారు. ఆ రెండూ, ఇండియానా కూడా బిగ్ టెన్ అనే ఒకే కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము పోటీపడే యూనివర్సిటీల కూటమిలో, ఆడతాయి. పేరులో పది ఉన్నా ఇప్పుడు అందులో 18 జట్లున్నాయి. ప్రతి ఏడాదీ ఆ దిగ్గజాలతో తలపడి ఓడిపోతూ ఉండటం ఇండియానాకు దశాబ్దాల పాటు అలవాటైన పని.

ఇండియానా అంటే బాస్కెట్‌బాల్ కదా?

అవును, ఆ పేరు ఊరికే రాలేదు. 1940, 1953, 1976, 1981, 1987లో ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్‌లో జాతీయ చాంపియన్. బాబ్ నైట్ కోచ్‌గా ఉండగా 1976లో ఆడిన 32 మ్యాచ్‌లూ గెలిచింది. ఫుట్‌బాల్ విషయానికొస్తే, బాస్కెట్‌బాల్ సీజన్ మొదలయ్యేదాకా కాలక్షేపంగా చూసే ఆట అన్న మాట బ్లూమింగ్టన్‌లో చాలామంది నోట వినిపించేది. రెండు స్టేడియాలూ పక్కపక్కనే ఉన్నా ఒకదానికే గౌరవం దక్కేది.

మా అబ్బాయి బ్లూమింగ్టన్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. శనివారం రాత్రి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మ్యాచ్‌లు ఎప్పుడుంటాయి?

కాలేజీ మ్యాచ్‌లు ఎక్కువగా శనివారమే ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ మధ్యాహ్నం 12కి మొదలైతే మనకు ఇండియాలో రాత్రి 9:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి జరుపుతారు కాబట్టి ఆ తర్వాత రాత్రి 10:30. మ్యాచ్ మూడున్నర గంటల దాకా సాగుతుంది. పిల్లలు దానికి రెండు మూడు గంటల ముందే స్టేడియం పక్క మైదానాలకు చేరి వంటలు, పాటలతో టెయిల్‌గేట్ చేసుకుంటారు. టెన్షన్ పడకండి, ఆదివారం పొద్దున చేస్తే ఎత్తుతాడు. చేసేముందు స్కోరు చూసుకోండి, మాటలు బాగా సాగుతాయి.

## 2024కి ముందు

నిజంగా అంత బలహీనమైన జట్టేనా, లేక కథ కోసం అలా చెబుతున్నారా?

నిజంగానే. కాలేజీ ఫుట్‌బాల్‌లో టాప్ స్థాయిలో ఆడే జట్లన్నిటిలో చరిత్ర మొత్తం మీద ఎక్కువ ఓటములు మూటగట్టుకున్న జట్టుగా 2024 సీజన్‌లో అడుగుపెట్టింది. ఆ సంఖ్య అప్పటికే 700 దాటింది. బిగ్ టెన్ టైటిల్ చివరిసారి అందుకున్నది 1967లో, అదీ ఇంకో రెండు జట్లతో కలిసి. సీజన్ తర్వాత జరిగే బౌల్ మ్యాచ్‌లలో చివరి గెలుపు 1991 నాటిది. ఒక్క సీజన్‌లో 9 గెలుపులే రికార్డు. దాన్ని కూడా 1945లో, 1967లో, రెండుసార్లే అందుకుంది.

2021లో 2 గెలుపులు, 10 ఓటములు. 2022లో 4-8. 2023లో 3-9. సొంత రాష్ట్రంలోని ప్రత్యర్థి పర్డ్యూ చేతిలో ఈ మూడేళ్లూ వరసగా ఓటమే.

మధ్యలో ఒక మంచి సీజన్ వచ్చిందని విన్నాను. అది నిజమేనా?

2020. ఆ ఏడాది 6 గెలిచి 2 ఓడింది. పెన్ స్టేట్‌ను ఓవర్‌టైమ్‌లో 36-35తో ఓడించింది. క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) మైకేల్ పెనిక్స్ జూనియర్ గాలిలోకి దూకి బంతిని గీత మీదికి చాచిన ఫొటో ఇప్పటికీ చాలామంది దగ్గర ఉంది. కానీ అది కోవిడ్ ఏడాది, స్టేడియంలోకి జనాన్ని రానివ్వలేదు. ఎన్నేళ్లకో వచ్చిన మంచి జట్టును అభిమానులు టీవీలోనే చూడాల్సి వచ్చింది. తర్వాత పెనిక్స్‌కి గాయాలు, జట్టు పతనం. అతను వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్లి 2023 సీజన్‌లో ఆ జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. మన చేతికొచ్చింది జారిపోయింది అన్న బాధ ఇండియానా పాత అభిమానులకు అందుకే అంత గట్టిగా ఉండేది. 2024లో సంబరం అంత పొంగిపొర్లడానికి సగం కారణం అదేనని నేను నమ్ముతాను.

## కోచ్ మారాక

ఈ కర్ట్ సిగ్నెటీ ఎవరు? అంతకుముందు ఎందుకు వినలేదు?

పెద్ద జట్లకు ఆయన అంతకుముందు హెడ్ కోచ్‌గా పనిచేయలేదు, అందుకే వినలేదు. తండ్రి ఫ్రాంక్ సిగ్నెటీ కూడా పేరున్న కోచే. కొడుకు 2007 నుంచి 2010 దాకా అలబామాలో నిక్ సేబన్ దగ్గర అసిస్టెంట్. దేశంలోనే మేటి జట్టులో ఉద్యోగం వదిలేసి 2011లో, యాభైకి దగ్గరపడిన వయసులో, డివిజన్ 2 అనే కింది స్థాయిలో ఆడే చిన్న యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. అక్కడి నుంచి ఈలాన్ యూనివర్సిటీ, తర్వాత జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ. జేమ్స్ మాడిసన్‌లో ఐదేళ్లలో 52 గెలుపులు, 9 ఓటములు. హెడ్ కోచ్‌గా ఏ చోటా ఆయనకు ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటి కూడా లేదు. 2023 నవంబరు చివర్లో ఇండియానాకు హెడ్ కోచ్‌గా వచ్చినప్పుడు ఆయన వయసు 62.

"గూగుల్ చేసి చూసుకోండి" అన్నది ఆయనేనా?

ఆయనే. 2023 డిసెంబరులో, ఇండియానా తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందు, కొత్త ఆటగాళ్లను మీ మాట ఎలా నమ్మిస్తారని విలేకరి అడిగితే, తాను గెలుస్తానని, కావాలంటే గూగుల్‌లో చూసుకోమని చెప్పాడు. అప్పట్లో చాలామందికి అది గొప్పలు పోవడంలా అనిపించింది. నిజానికి ఆయన తన రికార్డు చెప్పాడంతే. మన జట్టు ఓడిపోవడం సహజమే అన్నట్టు మాట్లాడటం అందరికీ అలవాటైపోయిన చోట, అలా అనుకోని మనిషి ఒకడు వచ్చాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం అదే.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటే ఏంటి? ఐపీఎల్ వేలం లాంటిదా?

ఏడాదిలోనే జట్టు రూపం మారిపోవడం వరకు అలాంటిదే, కానీ ఇక్కడ వేలం లేదు, ఎక్కడికి వెళ్లాలో ఆటగాడే తేల్చుకుంటాడు. యూనివర్సిటీ మారాలనుకున్న ఆటగాడు తన పేరు పోర్టల్‌లో పెడితే మిగతా యూనివర్సిటీలు అతనితో మాట్లాడొచ్చు. ఒకప్పుడు మారితే ఏడాది కూర్చోవాలి. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా మారి వెంటనే ఆడొచ్చు, చదువులో ప్రమాణాలు అందుకుంటే చాలు.

జేమ్స్ మాడిసన్ ఆటగాళ్లను లాక్కొచ్చాడు కదా, అందులో గొప్పేముంది?

పదిమందికి పైగా ఆయన వెంట వచ్చిన మాట నిజం. ఎలైజా సరాట్, ఏడెన్ ఫిషర్, మికేల్ కమారా, డిఏంజెలో పాండ్స్ వాళ్లలో ముఖ్యులు. కానీ వీళ్లెవరూ హైస్కూలులో పెద్ద జట్లు ఎగబడిన స్టార్లు కాదు. పాండ్స్ పొట్టిగా ఉన్నాడని పెద్దవాళ్లు పక్కన పెట్టిన కుర్రాడు. సిగ్నెటీ చూసేది వేరు. ఎంత పొడవు, ఎంత వేగం అన్నదానికన్నా మ్యాచ్‌లో ఇప్పటికే ఏం చేసి చూపించాడన్నది ముఖ్యం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసు, రెండు మూడు సీజన్లు ఆడిన అనుభవం, తన పద్ధతి తెలిసినవాళ్లు. వాళ్లతో పాటు అఫెన్స్ (దాడి), డిఫెన్స్ (అడ్డుకోవడం) విభాగాలు చూసుకునే కోఆర్డినేటర్లు మైక్ షానహన్, బ్రయంట్ హైన్స్ కూడా వచ్చారు. కొత్తవాళ్లకు ప్రాక్టీసులో ఏం చెయ్యాలో కోచ్ చెప్పకముందే పక్కనున్న ఆటగాడే చెప్పగలిగేవాడు. జట్టు ఒక్క ఏడాదిలో కుదురుకోవడానికి అసలు కారణం ఇదే. అద్భుతం అని తేల్చేస్తే ఆ పని చేసినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

డబ్బుతో కొనుక్కున్న గెలుపు అంటున్నారు. నిజమెంత?

డబ్బు పాత్ర ఉంది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు, దానికి ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. ఇండియానాకు మార్క్ క్యూబన్ లాంటి సంపన్న పూర్వ విద్యార్థులున్నారు. అయితే అంతకన్నా ఎక్కువ ఖర్చు పెట్టి సగం మ్యాచ్‌లు ఓడిన జట్లు కూడా ఉన్నాయి. డబ్బు తలుపు తెరుస్తుంది, ఎవరిని లోపలికి పిలవాలో చెప్పదు.

## 2024 సీజన్

ఈ జట్టు గెలుస్తుందన్న నమ్మకం ఎప్పుడు కలిగింది?

సీజన్‌కు ముందు విలేకరుల అంచనాల్లో 18 జట్లలో ఇండియానాది 17వ స్థానం. మొదటి రెండు మ్యాచ్‌లు చిన్న జట్లతో కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మూడోది లాస్ ఏంజెలెస్ వెళ్లి యూసీఎల్ఏను 42-13తో ఓడించారు. నన్నడిగితే అక్టోబరు 19 నెబ్రాస్కా మ్యాచ్. అవతలి జట్టు బాగానే ఆడుతున్న రోజుల్లో 56-7! టికెట్లన్నీ అమ్ముడైన స్టేడియంలో జనం చివరిదాకా కదల్లేదు. తర్వాతి వారం ఈఎస్‌పీఎన్ వాళ్ల కాలేజ్ గేమ్‌డే కార్యక్రమం బ్లూమింగ్టన్‌కి వచ్చింది, వాషింగ్టన్‌పై 31-17. ఆ తర్వాత మిషిగన్ స్టేట్ మైదానంలో 0-10 వెనకబడ్డారు. ఆ సీజన్‌లో వెనకబడటం అదే మొదటిసారి. అక్కడి నుంచి వరసగా 47 పాయింట్లు కొట్టి 47-10తో గెలిచారు.

నవంబరు 9న మిషిగన్‌పై 20-15. రెండో సగంలో మన అఫెన్స్ దాదాపు నిలిచిపోతే డిఫెన్స్ గట్టెక్కించింది. యూనివర్సిటీ చరిత్రలో తొలిసారి 10-0. పాత రికార్డు బద్దలైంది. ఆ సాయంత్రం పెద్దవయసు అభిమానులు గట్టిగా అరవడం కన్నా మాట రాక నిలబడిపోవడమే ఎక్కువ చూశాను.

కర్టిస్ రోర్క్ తెగిన లిగమెంట్‌తో ఆడాడట, నిజమేనా?

నిజం. కెనడా కుర్రాడు, ఒహాయో యూనివర్సిటీ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్. సీజన్ మొదలవక ముందే కుడి మోకాలిలో ఏసీఎల్ తెగింది. విషయం బయటికి తెలిసింది 2025 జనవరిలో, సీజన్ ముగిశాక. మధ్యలో నెబ్రాస్కా మ్యాచ్‌లో బంతి విసిరే చేతి బొటనవేలు విరిగింది, ఆపరేషన్ చేయించుకుని ఒక్క మ్యాచ్ మాత్రమే తప్పుకున్నాడు. అయినా 29 టచ్‌డౌన్ పాస్‌లు. తర్వాత వచ్చినవాళ్లు ఎంత సాధించినా ఈ కుర్రాడి పేరు మొదట చెప్పుకోవాలి.

షెడ్యూల్ సులువు కాబట్టే గెలిచారా?

కొంతవరకు ఒప్పుకోవాలి. ఆ ఏడాది బలమైన జట్లు తక్కువే తగిలాయి. మిషిగన్, వాషింగ్టన్ అంతకుముందు ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన జట్లే అయినా, రెండింటిలోనూ కోచ్‌లు, ముఖ్య ఆటగాళ్లు వెళ్లిపోయారు. నవంబరు 23న ఒహాయో స్టేట్ చేతిలో 38-15తో ఓడినప్పుడు తేడా స్పష్టంగా కనిపించింది: మొదటి టచ్‌డౌన్ మనదే అయినా, పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు వదిలేయడం) దగ్గర తప్పులు, రోర్క్ మీద ఆగని ఒత్తిడి. కానీ ఇది కూడా లెక్కలోకి తీసుకోండి: ఆ సీజన్‌లో ఇండియానా ఓడింది రెండే రెండు, ఒహాయో స్టేట్‌తో, నోటర్ డేమ్‌తో. జాతీయ ఫైనల్ ఆడింది ఆ రెండు జట్లే.

ఆ చెక్క బకెట్ గొడవేంటి?

పర్డ్యూతో ఏటా జరిగే మ్యాచ్ గెలిచినవాళ్లకు ఓల్డ్ ఓకెన్ బకెట్ అనే పాత చెక్క బాల్చీ దక్కుతుంది. 1925 నుంచి ఉన్న ఆనవాయితీ. ఎవరు గెలిస్తే వాళ్ల అక్షరం, ఐ గానీ పీ గానీ, దాని గొలుసుకు తగిలిస్తారు. 2024లో 66-0తో బకెట్ తిరిగొచ్చింది. పర్డ్యూలోనూ మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ వారం స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో మాటల యుద్ధం జోరుగానే సాగుతుంది.

ప్లేఆఫ్‌లో ఏమైంది?

జాతీయ చాంపియన్‌ను తేల్చే నాకౌట్ పోటీయే ప్లేఆఫ్. దాన్ని 12 జట్లతో పెట్టిన మొదటి ఏడాది అది. ఇండియానాకు 10వ సీడ్, అంటే ఆ 12లో పదో ర్యాంకు. డిసెంబరు 20న అదే రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో నోటర్ డేమ్‌తో మొదటి మ్యాచ్, 27-17తో ఓటమి. చివరి నిమిషాల్లో రెండు టచ్‌డౌన్లు వచ్చాయి కానీ మ్యాచ్ అప్పటికే చేయి దాటింది. 11-2తో సీజన్ ముగిసింది. ఇలాంటి జట్టుకు ప్లేఆఫ్‌లో చోటే ఇవ్వకూడదని కొందరు వ్యాఖ్యాతలు మాట్లాడటం మాత్రం చాలా నొప్పించింది.

## 2025: మరుసటి ఏడాది

ఒక్క ఏడాది గాలివాటం అన్నారు కదా, తర్వాతేమైంది?

ఆడిన 16 మ్యాచ్‌లూ గెలిచారు. జాతీయ చాంపియన్లు అయ్యారు. ఇల్లినాయ్‌ను 63-10తో చిత్తు చేశారు. ఓరెగాన్‌ను వాళ్ల మైదానంలోనే 30-20తో ఓడించారు. డిసెంబరు 6న బిగ్ టెన్ ఫైనల్లో ఒహాయో స్టేట్‌ను 13-10తో దాటారు. ఆ జట్టుపై 1988 తర్వాత అదే తొలి గెలుపు. ప్లేఆఫ్‌లో భాగంగా జరిగిన రోజ్ బౌల్‌లో అలబామాపై 38-3, పీచ్ బౌల్‌లో మళ్లీ ఓరెగాన్‌పై 56-22. ఆ పీచ్ బౌల్‌లో ఓరెగాన్ మొదటి ప్రయత్నంలోనే వాళ్లు విసిరిన బంతిని అందుకుని టచ్‌డౌన్ దాకా పరుగెత్తింది పాండ్స్, పొట్టివాడని పెద్ద జట్లు వద్దనుకున్న అదే కుర్రాడు.

ఫెర్నాండో మెండోజా ఎక్కడి నుంచి వచ్చాడు?

కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. పెరిగింది మయామిలో, క్యూబా మూలాలున్న కుటుంబం. తమ్ముడు ఆల్బర్టో అప్పటికే ఇండియానా జట్టులో ఉన్నాడు. 2025 డిసెంబరులో హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చేది. ఇండియానా నుంచి దాన్ని అందుకున్న తొలి ఆటగాడు అతనే.

ఫైనల్ ఎలా సాగింది?

2026 జనవరి 19, మయామి దగ్గరి హార్డ్ రాక్ స్టేడియం. మనకు 20వ తేదీ తెల్లవారింది. ప్రత్యర్థి మయామి యూనివర్సిటీకి అది సొంత మైదానమే. కమారా పంట్‌ను అడ్డుకుంటే బంతి ఎండ్ జోన్‌లో (చివరి గీత అవతలి చోట) ఇండియానా చేతికి చిక్కి టచ్‌డౌన్ అయింది. చివరి క్వార్టర్‌లో నాలుగో ప్రయత్నంలో, అందరూ ఫీల్డ్ గోల్ కొడతారనుకునే చోట, మెండోజా స్వయంగా బంతి పట్టుకుని, దెబ్బలు తింటూ, గీత మీదికి దూకాడు. ఆఖర్న మయామి గెలుపు కోసం వస్తుంటే జమారీ షార్ప్ బంతిని అందుకుని ఆపేశాడు. అతని సొంతూరూ మయామియే. 27-21.

సిగ్నెటీ వేరే జట్టుకు వెళ్లిపోతాడా?

ఆ భయం 2024 నుంచీ ఉంది. ఆ నవంబరులోనే 8 ఏళ్లకు దాదాపు 7.2 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. 2025 అక్టోబరులో పెన్ స్టేట్ కోచ్ పదవి ఖాళీ అయి పుకార్లు మొదలవగానే దాన్ని 9.3 కోట్ల దగ్గరికి పెంచారు. యూనివర్సిటీ ఫుట్‌బాల్‌ను ఇంత గట్టిగా పట్టించుకోవడం కూడా మారిన కాలానికి గుర్తే.

## ఇప్పుడు అభిమాని కావాలనుకుంటే

గెలిచాక వచ్చి చేరితే పాతవాళ్లు ఏమైనా అనుకుంటారా?

అనుకోరు. ఖాళీ బెంచీల మధ్య కూర్చుని ఏళ్లు గడిపినవాళ్లకు పక్క సీటులో మనిషి ఉండటమే సంతోషం. 1967 జట్టు గురించి అడగండి, గంట సేపు చెబుతారు.

మొదటిసారి స్టేడియానికి వెళ్తున్నాను. ఏం తీసుకెళ్లాలి?

ఎర్రటి బట్టలు. లోపలి వస్తువులు కనిపించే ప్లాస్టిక్ బ్యాగు. నవంబరులో అయితే థర్మల్స్, గ్లౌజులు తప్పనిసరి, కూర్చునే బెంచీ కూడా గడ్డకట్టినట్టుంటుంది.

పాత మ్యాచ్‌లు చూడాలంటే ఏవి చూడాలి?

2024 మిషిగన్ మ్యాచ్ పూర్తిగా చూడండి, డిఫెన్స్ అంటే ఏంటో తెలుస్తుంది. 2025 పెన్ స్టేట్ మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాలు చాలు. వెనకబడి ఉన్నారు, టైమ్‌అవుట్లు లేవు. ఇంకో 36 సెకన్లు మిగిలుండగా మెండోజా విసిరిన బంతిని ఎండ్ జోన్ వెనక గీత దగ్గర ఓమర్ కూపర్ జూనియర్ గాలిలో అందుకుని, ఒక కాలి వేళ్లు మాత్రం లోపల ఆనించాడు. 27-24. స్లో మోషన్‌లో ఆ కాలినే చూడండి.